మా గేటు ముందు మోరీ ఎక్కడిదాకా పోతుందంటే

పోయిన వానాకాలం ఒకరోజు సాయంత్రం స్కూల్ బస్సు దిగిన మా చిన్నోడు లోపలికి రాకుండా గేటు దగ్గరే నిలబడి "అమ్మా, మన మ్యాన్‌హోల్ ఇడ్లీ పాత్ర అయిపోయింది" అని అరిచాడు. వెళ్ళి చూస్తే నిజమే, మూత టకటకా ఎగురుతోంది, చుట్టూ నల్లటి నీళ్ళు బుడబుడమని పైకొస్తున్నాయి, గంటసేపు కొట్టిన వానకే పార్కింగ్‌లో మడమల దాకా వచ్చేసింది. అది వాననీళ్ళయితే నేనింత రాసేదాన్ని కాదు. ఆ కంపుకి పక్కింటి ఆంటీ కిటికీలన్నీ మూసేసుకుని ఫోన్ చేసి మరీ తిట్టింది, నన్ను కాదులెండి, గవర్నమెంటుని.

నేనూ తక్కువేం తినలేదు. వీడియో తీసి కాలనీ వాట్సాప్ గ్రూపులో పెట్టాను, దాని కింద కోపం బొమ్మలు ఒక ముప్పై, ఎవరో "ట్యాక్సులు కడుతున్నాం" అన్నారు, ఇంకెవరో ఎలక్షన్ల దాకా వెళ్ళిపోయారు. మర్నాడు ప్లంబర్ వచ్చాడు. ఈ కాలనీలో ఇరవై ఏళ్ళుగా పనిచేస్తున్నాడు, ఏ ఇంటి కింద ఏ పైపు ఎటు తిరిగిందో ఆయనకే తెలుసు. మా గేటు లోపలున్న చాంబర్ మూత తీసి, ఇంత పొడవు ఇనప కడ్డీతో ఒక పైపుని టకటకా కొట్టి "అమ్మా, ఇది యాడికెల్లి వస్తున్నదో ఎరికేనా" అన్నాడు. బాత్రూం పైపు కదా అన్నాను. "బాత్రూందైతే గిది. ఇది మీ స్లాబు మీదికెల్లి. వాననీళ్ళ పైపు తెచ్చి డ్రైనేజీల కలిపిండ్రు. పొంగక ఏమైతది మరి? గీ గల్లీల అందరిదీ గిట్లనే ఉన్నది."

అంటే పొంగించింది మేమే. ముప్పై కోపం బొమ్మలు పెట్టిన ముప్పై ఇళ్ళూ కలిసి పొంగించాయి.

ఆ రాత్రి కూర్చుని లెక్క వేశాను. మా స్లాబు 120 గజాలు, అంటే ఇంచుమించు 100 చదరపు మీటర్లు. ఒక్క సెంటీమీటర్ వాన పడితే దాని మీద 1000 లీటర్లు. ఆరోజు గంటలో 3 సెంటీమీటర్లు పడిందనుకున్నా మా ఇంటి నుంచే 3000, ముప్పై ఇళ్ళవీ కలిపితే 90 వేల లీటర్లు, అవన్నీ బాత్రూం నీళ్ళ కోసమని వేసిన సన్నటి లైన్లోకి ఒకేసారి తోస్తే మరి మూత ఎగరదా. 2020 అక్టోబర్ 13న హైదరాబాద్‌లో కొట్టిన వాన గుర్తుందిగా, బేగంపేటలో 19 సెంటీమీటర్ల దాకా పడింది, ఆ లెక్కన మా ఒక్క స్లాబు మీదే 19 వేల లీటర్లు, ఇంచుమించు నాలుగు ట్యాంకర్లు. ఎండాకాలం ఒక్క ట్యాంకర్ కోసం రెండ్రోజులు ఎదురుచూసి, వచ్చినప్పుడు డ్రైవర్‌కి టీ ఇచ్చి మరీ మర్యాద చేసే ఇల్లు మాది.

ఇక్కడ మాటల గొడవ ఒకటుంది, అసలు తప్పంతా అక్కడే మొదలవుతుందని నాకనిపిస్తుంది. మాది తెనాలి. అక్కడ ఇంటి ముందుండేది సైడు కాలవ. పెళ్ళయ్యి కూకట్‌పల్లి వచ్చాక అది మోరీ అయింది, పెద్దదైతే నాలా, ఇంగ్లీషు చదివినోళ్ళకి అన్నీ డ్రైనేజీయే. కానీ రోడ్డు కింద రెండు వేరు వేరు లైన్లుంటాయి. బాత్రూం, కిచెన్ నీళ్ళు పోయేది ఒకటి, అది జలమండలి వాళ్ళది, అది బాగా పనిచేస్తే ఆ నీళ్ళు శుద్ధి చేసే ప్లాంటుకి పోతాయి, అంబర్‌పేటలో ఉన్నది రోజుకి 33.9 కోట్ల లీటర్లు శుద్ధి చేయడానికి కట్టింది. రెండోది రోడ్డు పక్కన సిమెంటు పలకలు కప్పి ఉండే మోరీ, అది వాననీళ్ళ కోసం, అది మున్సిపల్ కార్పొరేషన్ వాళ్ళు చూసుకుంటారు. దానికి ఫిల్టర్ లేదు, ప్లాంటు లేదు, జల్లెడ కూడా లేదు. మనం ఏం పోస్తే అది ఎలా ఉందో అలాగే చెరువులోకి. రెంటికీ ఒకే పేరు పెట్టి పిలుస్తుంటే, ఎక్కడ పోసినా ఎవరో ఎక్కడో బాగుచేస్తార్లే అనుకుంటాం. నేను పద్నాలుగేళ్ళు అలాగే అనుకున్నాను.

ఎక్కడికి పోతుందో చూద్దామని ఒక ఆదివారం పొద్దున్నే నేనూ మా ఆయనా మోరీ పట్టుకుని నడిచాం. (ఆయనకి ఇది పిచ్చి పనిలా అనిపించింది, టిఫిన్ బయట చేయిస్తానంటే వచ్చాడు.) మా గల్లీ చివర అది కొంచెం పెద్ద కాలవలో కలిసింది, అది ఒక ఫంక్షన్ హాల్ వెనకనుంచి పోయింది, అక్కడ ముందురోజు పెళ్ళి తాలూకు పేపర్ ప్లేట్లు, ప్లాస్టిక్ గ్లాసులు, సగం తిన్న జిలేబీ, అన్నీ ఒడ్డున రెడీగా ఉన్నాయి, ఒక వాన వస్తే చాలు. అక్కణ్ణుంచి కూకట్‌పల్లి నాలా. మూసాపేట దగ్గర బ్రిడ్జి మీద నిలబడి చూస్తే నల్లటి నీళ్ళలో థర్మాకోల్ ముక్కలు, ఒక దిండు, ఒక్క చెప్పు, వాటి మధ్యలో రెండు తెల్ల కొంగలు ఏమీ పట్టనట్టు నిలబడి ఉన్నాయి. ఆ నాలా ఫతేనగర్, బేగంపేట మీదుగా పోయి హుస్సేన్ సాగర్లో పడుతుంది. వాన లేనప్పుడు అందులో పారే మురుగుని చెరువులో పడకుండా పక్కకి మళ్ళించి పంపే ఏర్పాటు చేశారు, కానీ గట్టి వాన వచ్చిందంటే ఆ మళ్ళింపు చాలదు, మురుగూ వాననీళ్ళూ కలిసి చెరువులోకే పోతాయి. చెరువు నిండితే అలుగు పారి అశోక్ నగర్, నల్లకుంట మీదుగా మూసీ. మూసీ నల్గొండ జిల్లాలో వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. కృష్ణలో కలిశాక పులిచింతల, అది దాటితే ప్రకాశం బ్యారేజీ, బ్యారేజీ నుంచి పడమటి డెల్టా కాలవ, దుగ్గిరాల, తెనాలి.

తెనాలి. మా అమ్మ వాళ్ళింటికి నాలుగు వీధుల అవతల పారే కాలవ. బేగంపేట దాకానే నాకు తెలుసు, మిగతాది ఇంటికొచ్చి మ్యాప్‌లో వేలు పెట్టి గీసుకుంటూ పోయాను, తెనాలి దగ్గర వేలు ఆగిపోయింది. అంత దూరం పోయేసరికి మా ఇంటి మోరీ నీళ్ళు ఎంత ఉంటాయిలే, సముద్రంలో కాకిరెట్ట అంటారా, అనండి. నాకు మాత్రం ఆరోజు నుంచి గేటు ముందు బకెట్ ఒంపాలంటే చెయ్యి రాలేదు.

సరే, అప్పటినుంచి మా గేటు ముందు ఏమేం ఒంపుతున్నామో గమనించడం మొదలుపెట్టాను. ముందు కనబడింది పెయింటర్లు. దసరాకి ముందు పైన పోర్షన్‌కి రంగులు వేయించాం, సాయంత్రం పని అయ్యాక వాళ్ళు బ్రష్షులు, రోలర్లు, బకెట్లు తెచ్చి ర్యాంపు మీద పెట్టి పైపుతో కడిగారు. పాలలాంటి తెల్లటి నీళ్ళు ర్యాంపు దిగి మోరీ పలకల సందుల్లోంచి జారిపోయాయి, రెండు నిమిషాల్లో మళ్ళీ ర్యాంపు తళతళా మెరిసిపోతోంది, ఇంతకుముందైతే నేను మెచ్చుకునేదాన్ని, ఎంత నీట్‌గా కడిగారో అని. కిటికీ గ్రిల్స్‌కి వేసిన ఎనామెల్ బ్రష్షులు ముంచిన టర్పెంటైన్ డబ్బా కూడా అక్కడే ఒంపబోతుంటే పరుగెత్తి ఆపాను. "ఎక్కడ పొయ్యాలి మేడమ్ మరి?" అన్నాడు ఆ అబ్బాయి, న్యాయమైన ప్రశ్నే. చివరికి చేసిందేమిటంటే, టర్పెంటైన్ డబ్బాకి మూత పెట్టి పక్కన ఉంచితే రెండ్రోజులకి రంగు అడుక్కి దిగింది, పైన తేరిన దాన్ని మళ్ళీ వాడుకున్నారు, అడుగు మడ్డి పాత పేపర్లో ఆరబెట్టి ఇంట్లో ప్రమాదకరమైన చెత్త వేసే సంచిలో వేశాను. నీళ్ళ రంగు బ్రష్షులైతే ముందు గోడకో అట్టముక్కకో బాగా రుద్దేసి, మిగిలింది బకెట్లో కడిగి, ఆ నీళ్ళు బాత్రూంలో పొయ్యమన్నాను. అది కనీసం ప్లాంటు దాకా పోయే లైను.

తర్వాత మా ఆయన బండి. ఆయనకి స్కూటర్ ఆయిల్ ఇంట్లోనే మార్చుకోవడం సరదా, యూట్యూబ్ చూసి నేర్చుకున్నాడు. పాత ఆయిల్ ఎక్కడ పోస్తున్నావు అని పద్నాలుగేళ్ళలో మొదటిసారి అడిగితే "ఎక్కడేంటి, చెట్టు మొదట్లో" అన్నాడు, ఆ చెట్టు ఎందుకు ఎండిపోయిందో అప్పుడు తెలిసింది. ఒక్క ఆయిల్ ఛేంజ్‌లో వచ్చే పాత ఆయిల్ 10 లక్షల గ్యాలన్ల మంచినీళ్ళని పాడు చేయగలదని అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ చెప్తుంది. మాదేమో చిన్న బండి, ఒక లీటర్ కూడా ఉండదు, అయినా సరే. ఇప్పుడు ఖాళీ క్యాన్లో పోసి మెకానిక్ షాపులో ఇచ్చేస్తున్నాడు, వాళ్ళ దగ్గర పాత ఆయిల్ డ్రమ్ము ఉంటుంది, దాన్ని కొనుక్కునేవాళ్ళు ఉంటారు. బండి కింద ఆయిల్ చుక్కలు పడితే పైపు పెట్టి కడగడం మానేసి దాని మీద ఇంత రంపపు పొట్టో పొడి మట్టో చల్లి, పీల్చాక ఊడ్చి సంచిలో కడుతున్నాం. వాన వస్తే అదే కడుగుతుందిలే అనుకునేవాళ్ళం చూడండి, అసలు కథంతా ఆ కడగడంలోనే ఉంది. మొదటి వాన ఎప్పుడూ చెడ్డది. రెండు మూడు నెలలు రోడ్డు మీద పేరుకున్న ఆయిలు, టైర్ల పొడి, కుక్కల ముడ్డి కింద పడినవి, గుట్కా ఉమ్ములు, అన్నీ మొదటి అరగంటలోనే కొట్టుకుపోతాయి. చెరువులో చేపలు తేలాయని పేపర్లో వచ్చే వార్తలు ఎక్కువగా తొలకరి వానల తర్వాతే వస్తాయి, ఊరికే కాదు.

కుక్కల మాట వచ్చింది కాబట్టి, మా ఎదురింటి వాళ్ళ లాబ్రడార్ గురించి చెప్పి ఊరుకుంటాను. చాలా మంచి కుక్క. పొద్దునా సాయంత్రం మోరీ అంచునే కూర్చోబెడతారు, "మట్టిలో కలిసిపోతుందండి, ఎరువే కదా" అంటారు. అక్కడ మట్టి ఎక్కడుందండీ, అంతా సిమెంటే. ఒకసారి మెల్లగా చెప్పాను, పాత పేపర్ తీసుకెళ్ళి ఎత్తి టాయిలెట్లో వేసెయ్యొచ్చు కదా అని. నెలరోజులు మాట్లాడలేదు. కుక్క మాత్రం ఇప్పటికీ తోక ఊపుతుంది.

వంటింటి నూనె దగ్గర నాకే జ్ఞానోదయం అయింది. బూర్లో బజ్జీలో వేసిన మూకుడు నూనె రెండోసారి మూడోసారి వాడాక నల్లగా అయితే సింకులో పోసి, వేణ్ణీళ్ళు కొట్టేదాన్ని, పైపు జామ్ కాకుండా. సింకు డ్రైనేజీలోకే కదా, మోరీలోకి కాదుగా అంటారేమో. ప్లంబర్ చూపించాడు, చాంబర్ గోడలకి తెల్లగా గట్టిగా కొవ్వొత్తి మైనంలాగ అతుక్కుని ఉంది, వేణ్ణీళ్ళు ఆ పైపు మలుపు దాకానే వేడి, తర్వాత నూనె పేరుకుంటుంది, దానికి అన్నం మెతుకులు, జుట్టు, మట్టి అంటుకుని లైను మూసుకుపోతుంది, మూసుకుపోతే మ్యాన్‌హోల్ పొంగుతుంది, పొంగింది మోరీలోకే పోతుంది. కాబట్టి నూనె కూడా వానకాలవ సంగతే. ఇప్పుడు చల్లారాక ఖాళీ నూనె ప్యాకెట్లోనే పోసి, మూతి కట్టి చెత్త ఆటోకి ఇస్తున్నాను, మూకుడుని కడిగేముందు పేపర్‌తో తుడుస్తాను. దీపాలకి వాడొచ్చు కదా అంటే మా అత్తగారు నా వంక చూసిన చూపు చెప్పలేను.

ఇంకా చిన్నా చితకా చాలా ఉన్నాయి. పొద్దున్నే వాకిలి ఊడ్చి ఆ ఆకులూ దుమ్మూ చీపురుతో మోరీలోకే తోసేస్తాం, చేటలోకి ఎత్తడానికి పది సెకన్లు ఎక్కువ. ఇల్లు కట్టేవాళ్ళు ఇసుక రోడ్డు మీద పోస్తారు, ఒక్క వానకి కుప్ప సగం అవుతుంది, ఆ సగం మోరీ అడుగున ఉంటుంది, కనీసం చుట్టూ రెండు వరసలు ఇటుకలు పేర్చి పైన పట్టా కప్పితే వాళ్ళ ఇసుకే వాళ్ళకి మిగులుతుంది, ఇది నీతి కాదు, డబ్బు లెక్క. పూడిక తీసినప్పుడు ఆ బురద ఒడ్డునే కుప్ప పోసి వెళ్తే నాలుగో రోజు వానకి మళ్ళీ లోపలే, అప్పుడు ఫోన్ చేసి విసిగించడం మన వంతు, నేను మూడుసార్లు చేశాను, మూడోసారి ట్రాక్టర్ వచ్చింది. కార్లు కడిగే అబ్బాయికి షాంపూ తగ్గించమని, పైపు వద్దు ఒక బకెట్, తడిగుడ్డ చాలని చెప్పాను, వాడు సంతోషంగా ఒప్పుకున్నాడు, పని తగ్గింది.

మిద్దెతోట గురించి కొంచెం గట్టిగానే చెప్పాలి ఎందుకంటే ఇది మంచిపని అనుకుంటూ చేసే తప్పు. నాకూ నలభై కుండీలున్నాయి. టమాటా పూతకి రాలేదని పిడికెడు డీఏపీ, ఆకు పచ్చబడలేదని యూరియా, తర్వాత కుండీ అడుగు నుంచి కారేదాకా నీళ్ళు. ఆ కారిన నీళ్ళు స్లాబు పైపులోకి. చెరువులో గుర్రపుడెక్క అంత ఏపుగా ఎందుకు పెరుగుతుందంటే మురుగుతోపాటు మనం పంపే ఈ ఎరువులే దానికి భోజనం. ఇప్పుడు వంటింటి తొక్కల కంపోస్టు, కుండీల కింద ట్రేలు, వాన కబురు ఉన్న రోజు ఏ మందూ వెయ్యను. టమాటాలు ఏం తగ్గలేదు. కొంచెం చిన్నవి, అంతే.

ఇక అసలు పని, పైపు మళ్ళించడం. ప్లంబర్, ఒక మేస్త్రి, రెండు రోజులు, మొత్తం 18 వేలు అయింది. డ్రైనేజీ చాంబర్‌కి వెళ్ళే స్లాబు పైపుని కోసి మూసేసి, గేటు పక్కన నాలుగడుగుల వెడల్పు, నాలుగడుగుల పొడవు, ఆరడుగుల లోతు ఇంకుడు గుంత తవ్వారు. అడుగున సగం దాకా 40 ఎంఎం కంకర, దాని మీద 20 ఎంఎం కంకర, పైన దొడ్డు ఇసుక, ఆపైన కొంత ఖాళీ. మేస్త్రి సలహా మీద ఒక చిన్న వాల్వు కూడా పెట్టించాం, మొదటి పది నిమిషాల వాన స్లాబు మీద దుమ్ము, పావురాల రెట్టలు పట్టుకొస్తుంది కదా, వాల్వు అటు తిప్పితే ఆ నీళ్ళు చెట్ల మట్టిలోకి, ఇటు తిప్పితే గుంతలోకి. ఒక్క షరతు ఏంటంటే స్లాబు మీద బట్టలుతకడం, సర్ఫు వేసి కడగడం బంద్, ఆ గుంతలోకి ఏం పోతే అది బోరులోకి పోయినట్టే. మా అత్తగారి పెద్ద దుప్పట్లు ఇప్పుడు కింద బాత్రూంలో ఉతుకుతున్నాం, దాని గురించి ఇంట్లో ఇంకా చర్చ నడుస్తోంది.

గ్రూపులో ఇదంతా రాస్తే ముప్పై ఇళ్ళలో నాలుగు ఇళ్ళవాళ్ళు పైపులు మార్పించారు. నాలుగేనా అనకండి, ఒకాయన అయితే "మా ఇల్లు వాస్తు ప్రకారం కట్టింది, ఈశాన్యంలో గుంత తవ్వం" అన్నాడు, సరే నైరుతిలో తవ్వండి అంటే అదీ కుదరదట. ఇంకో అంకుల్ వాన రాగానే మ్యాన్‌హోల్ మూత గడ్డపారతో ఎత్తేస్తాడు, రోడ్డు మీద నీళ్ళు చప్పున దిగిపోతాయని. మూతలు తెరవొద్దని జలమండలి వాళ్ళు ప్రతి వానాకాలం మొత్తుకుంటారు. నీళ్ళ కింద తెరిచిన మూత కనబడదు, పిల్లలు పడితే అంతే, పైగా రోడ్డు మీద చెత్తంతా లైన్లోకి దిగి మళ్ళీ అదే జామ్. ఆయన్ని ఒప్పించడం నా వల్ల కాలేదు, వాళ్ళ మనవడి స్కూల్ బస్సు సరిగ్గా అక్కడే ఆగుతుందని గుర్తుచేశాక మానేశాడు.

టెక్సాస్‌లో ఉన్న మా అక్క ఒక ఫొటో పంపింది, వాళ్ళ వీధిలో వాననీళ్ళ కాలవ మూత మీద చేప బొమ్మ, కింద "ఇక్కడ ఏమీ పొయ్యొద్దు, నేరుగా వాగులోకి పోతుంది" అన్నట్టు రాసి ఉంది. మా పిల్లలకి అది తెగ నచ్చింది. సెలవుల్లో అట్టముక్క కోసి చేప ఆకారం చేసి, మా గేటు ముందు మోరీ పలక మీద నీలం రంగుతో వేశారు, కింద తెలుగులో "ఇది చెరువుకి పోతుంది" అని, "చెరువు"లో రు కొంచెం సున్నాలా వచ్చింది. నేను కాఫీ తాగుతూ మురిసిపోతుంటే మా చిన్నోడు బ్రష్ తీసుకెళ్ళి, ఆ చేప పక్కనే, ఆ సందులోనే, శుభ్రంగా కడిగేశాడు.

నిన్న అమ్మ ఫోన్ చేసింది, కాలవకి నీళ్ళొదిలారట, గట్టు మీద జనం నిలబడి చూస్తున్నారట, మొదట వచ్చేది నురగా చెత్తా అని, రెండు రోజులాగితే తేటపడుతుందని ఆవిడ లెక్క. ఎక్కడి నుంచి వస్తుందో ఆ చెత్త అంది. నేనేం మాట్లాడలేదు.

ఇది రాస్తుంటే ఇక్కడ ఉరుములు మొదలయ్యాయి, మా ఆయన ఇంకా ఆఫీసు నుంచి రాలేదు, పైకి పోయి వాల్వు తిప్పాలి.